కెమెరా సెల్లులో ఎంత ఛార్జి మిగిలింది?
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్సిల్ సెల్లులతో నడిచే కెమెరాలు మన ఇళ్లలో ఇంకా కొన్ని ఉన్నాయి. ఆల్కలైన్ సెల్లు వోల్టేజి 1.5 నుంచి క్రమంగా దిగుతుంది. నికెల్ మెటల్ హైడ్రైడ్ రీఛార్జబుల్ సెల్లు అలా కాదు. ఛార్జి చాలా భాగం అయ్యేదాకా 1.2 వోల్టుల దగ్గరే నిలిచి, చివర ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే కెమెరాలోని బ్యాటరీ గుర్తును పూర్తిగా నమ్మరాదు.

మల్టీమీటరుతో చూసేవారు సెల్లుకు చిన్న టార్చి బల్బు తగిలించి, అది వెలుగుతుండగా కొలవాలి. 1.1కి దిగితే దాదాపు అయిపోయినట్టే. 1.2 ఉంటే సగముందో, పావుందో చెప్పలేం. డిశ్చార్జి చేసి చూపే ఛార్జరు మిల్లీ ఆంపియర్ అవర్లలో లెక్క చెబుతుంది గాని, చెప్పేసరికి సెల్లు ఖాళీ! ఖాతాలో నిల్వ తెలుసుకోవడానికి మొత్తం డ్రా చేసినట్టు.

కనుక మన పద్ధతే మేలు. ఛార్జి చేసిన తేదీ చీటీ మీద రాసి సెల్లుల డబ్బాకు అతికించండి. ఈ సెల్లులు ఊరికే ఉన్నా కొంత ఛార్జి పోతుంది. అవసరానికి ముందురోజే ఛార్జి చేయండి. పాతదీ కొత్తదీ కలిపి వేయకండి.

ఏటా మనం గ్రూపు ఫోటో దిగుతాం. నిరుడు వరుసలో నిలబడినవారిలో ముగ్గురు ఈ ఏడు లేరు. వారి ఇళ్లలో ఇప్పుడు ఆ ఫోటోయే ఉంది. అందుకే ఈ చిన్న జాగ్రత్త చెప్పాను. సెలవు.