అంటువ్యాధిని దాచరాదు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



పానగల్ గ్రామమునకు ఉదయసముద్రము పెద్ద సంపద. కందూరి చోడుల నాటి ఆ చెరువు నేటికిని నిలిచియున్నదన్నచో, దానిని కట్టించిన రాజులు మాత్రమే అందుకు కారణము కారు. చెరువును కనిపెట్టియుండి, కట్టకు చెమ్మ తగిలినదని తెలిసిన వెంటనే ఊరికి చెప్పు నీరడులును కారణమే. చెమ్మనాడు తట్టెడు మట్టితో ఆగునది, గండి పడిననాడు ఊరంతయు కూడినను ఆగదు. అంటువ్యాధి సంగతియు ఇట్టిదే.

కొన్ని వ్యాధులను కనుగొనిన వెంటనే ఆరోగ్యశాఖకు తెలుపవలెనని వైద్యులకు, ఆసుపత్రులకు, పరీక్షశాలలకు నియమము కలదు. రోగికి మందిచ్చిన చాలదా, ఈ వ్రాతకోతలెందుకని కొందరడుగుదురు. ఒక వాడలో ముగ్గురికి వాంతులు, విరేచనములు పట్టుకొన్నవనుకొందము. ఒకరు పట్టణములోని ప్రైవేటు వైద్యుని వద్దకును, ఒకరు ఊరిలోని ఆర్.ఎం.పి. వద్దకును, మూడవవారు సర్కారు దవాఖానకును పోయిరి. ప్రతివారును ఒక్క రోగినే చూచి, మందిచ్చి పంపిరి. ముగ్గురును ఒకే గొట్టపు నీరు త్రాగిన సంగతి ఎవరికిని తెలియదు. మూడు వార్తలును ఒకచోట చేరిననాడే ఆ గొట్టము ఎక్కడ పగిలినదో బయటపడును. 1854లో లండను నగరమున కలరా ప్రబలినపుడు జాన్ స్నో అను వైద్యుడు మృతుల ఇండ్లను పటముపై గుర్తించి, అవి చాలవరకు ఒక చేతిపంపు చుట్టునే ఉన్నవని చూపెను. వార్తలను ఒకచోట కూర్చినందువలననే ఆ సత్యము తెలిసినది.

తెలియజేయుట మన పల్లెలకు క్రొత్త కాదు. పూర్వము ఇంట అమ్మవారు పోసినచో గుమ్మమునకు వేపమండలు కట్టెడివారు. అది భక్తి, దానితోపాటు ఊరికి ఒక ఎరుక కూడ. ఆ మండలు చూచిన పరాయివారు లోపలికి అడుగుపెట్టెడివారు కారు. గుమ్మముపై చెప్పిన ఆ మాటనే నేడు కాగితముపై చెప్పుచున్నారు.

అయితే భయపెట్టి రాబట్టిన వార్త నిలువదు. 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టగా, మరుసటి సంవత్సరమే అంటువ్యాధుల చట్టము వచ్చినది. 1897లో పూనాలో సైనికులు ఇండ్లలోనికి చొరబడి రోగులను వెదకిరి. ప్రజలు రోషపడిరి, రోగులను దాచిరి. చట్టము చేతనున్నను నమ్మకము లేనిచో ఏమగునో ఆ సంవత్సరము చూపినది. 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టము అంటువ్యాధిని తెలుపు బాధ్యతను వైద్యులపై ఉంచినది.

నమ్మకముతో ఏమి సాధింపవచ్చునో మశూచి చరిత్ర చెప్పును. 1970 తరువాతి సంవత్సరములలో ఆరోగ్య కార్యకర్తలు రోగి చిత్రమును చేతబట్టుకొని ఇల్లిల్లు తిరిగిరి. వ్యాధిని మొదట తెలిపినవారికి బహుమానము ప్రకటించిరి. చివరకది వేయి రూపాయలైనది. వార్త అందిన చోటనెల్ల చుట్టుప్రక్కలవారికి టీకాలు వేసిరి. 1975 మే మాసముతో దేశమున మశూచి అంతరించినది. 1980లో ప్రపంచమునుండియే తొలగినట్లు ప్రకటించిరి.

మెట్ట ప్రాంతముల దిగుడుబావులతో ముడిపడినది నారికురుపు. కురుపున్న కాలితో బావిలోనికి దిగినవాని వలన నీరు చెడెడిది. ఆ నీరు త్రాగినవారికి మరుసటి సంవత్సరము అదే బాధ. దానికి టీకా లేదు, వ్యాధిని కుదుర్చు మందును లేదు. రోగి ఎక్కడ ఉన్నాడో తెలిసికొనుట, వానిని బావిలో దిగనీయకుండుట, నీటిని గుడ్డతో వడకట్టుట, చేతిపంపులు వేయుట — ఇవియే ఆయుధములు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌తో కూడ ఏడు రాష్ట్రములను పీడించిన ఆ వ్యాధి, 1996 జూలైలో రాజస్థానములో కనిపించిన చివరి రోగితో ముగిసినది. 2000లో దేశమునకు ఆ వ్యాధినుండి విముక్తి లభించినట్లు ధ్రువపత్రము వచ్చినది.

నేడు మిగిలిన పెద్ద శత్రువు క్షయ. ప్రపంచములోని క్షయరోగులలో సుమారు నాలుగవ వంతు భారతదేశములోనే కలరు. 2012 మే మాసమున ఈ వ్యాధిని తెలియజేయుట తప్పనిసరి చేసిరి. 2018 మార్చిలో మందుల దుకాణములను కూడ ఆ బాధ్యతలో చేర్చి, తెలుపనివారు శిక్షార్హులని ప్రకటించిరి. ఇతర వ్యాధుల కొరకు 2004లో సమగ్ర వ్యాధి పర్యవేక్షణ పథకము ఏర్పడినది. ఉపకేంద్రపు కార్యకర్త లక్షణములను, వైద్యుడు తన అనుమానమును, పరీక్షశాల తన నిర్ధారణను వేర్వేరు పత్రములపై పంపుదురు. 2020 మార్చి 2న తెలంగాణమున తొలి కరోనా రోగి గుర్తింపబడిన పిమ్మట, ఈ వార్తల విలువ ప్రతి ఇంటికిని తెలిసివచ్చినది.

ఇంత జరిగినను దాపరికము పోలేదు. క్షయ యన్నచో పిల్లకు సంబంధము రాదని తల్లి వెరచును. పేరు వ్రాసినచో రోగి వేరొకచోటికి పోవునని వైద్యుడు సంకోచించును. ఈ వెరపులు అబద్ధములు కావు. వానిని తేలికగా తీసివేయరాదు. కాని ఆరోగ్యశాఖకు తెలుపుట వేరు, ఊరంతయు చాటుట వేరు. రోగి పేరు రచ్చబండకు ఎక్కరాదు. పేరు నమోదైన క్షయరోగికి ప్రభుత్వము ఉచితముగా మందులిచ్చును. పోషణకై 2018 నుండి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుండి 1,000 రూపాయలు ఇచ్చుచున్నది. దాచిన పిల్ల చిక్కిపోవును; ఆమెతో ఒక గదిలో పండుకొన్న చెల్లెలికిని ముప్పు. తెలిపిన పిల్ల ఆరు మాసములు మందు తప్పక వాడినచో సాధారణముగా ఆరోగ్యవంతురాలై తిరుగును. ఏ తల్లికి ఏది మేలో వేరుగా చెప్పవలసిన పనిలేదు.

ఇందు గ్రంథాలయమునకును పనికలదు. ఏ వ్యాధులను తెలుపవలెనో, ఎవరికి తెలుపవలెనో పెద్ద అక్షరములతో వ్రాసి పఠనమందిరపు గోడకు తగిలింపవచ్చును. చదువు రానివారికి చదివి వినిపింపవచ్చును. రెండు వారములు దాటిన దగ్గు గలవాడు పత్రిక చదువ వచ్చినపుడు, వానిని పరిహసింపక, కఫపరీక్షకు తోడుగా వెంటబోవు పాఠకుడొక్కడున్న చాలును.

ఉదయసముద్రపు కట్టపై చెమ్మను చూచినవాడు అది తన పొలమున లేదని ఊరకుండడు. ఇరుగింటి దగ్గును విన్నవాడును ఊరకుండరాదు.