ఇంటికి ధర చెప్పడం – నా అనుభవం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 నాడు నకారా తీర్పు గురించి, పెన్షను హక్కుల గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదే ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం "మీ కాకినాడ ఇల్లు అమ్మిన సంగతి చెప్పండి, మనవాళ్లలో చాలామంది ఆ ఆలోచనలోనే ఉన్నారు" అన్నారు. అందుకని ఇల్లు అమ్మేటప్పుడు ఎంత ధర చెప్పాలన్న విషయం మీద నాలుగు మాటలు చెబుతాను. ఇందులో నా తెలివి తక్కువ, తెలివితక్కువతనం ఎక్కువ.

మాది 200 గజాల స్థలం. అందులో 1,100 చదరపు అడుగుల డాబా. 1987లో ఆఫీసులో ఇచ్చిన గృహనిర్మాణ అప్పుతో కట్టాను. ఆ అప్పు వాయిదాలు నా జీతంలోంచి ఎన్నేళ్లు పోయాయో ఇక్కడున్న వారికి చెప్పనక్కరలేదు. కాలక్రమాన వీధిలో రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు. రోడ్డు లేచింది, ఇల్లు కిందకి పోయింది. గట్టివాన కురిస్తే నీళ్లు వెనక వసారాలోకి వచ్చేవి. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. ఇల్లు అమ్మేసి రాజమండ్రిలో అమ్మాయి ఇంటి దగ్గర కింది అంతస్తులో చిన్న ఫ్లాటు కొనుక్కుందామని ఆవిడ కోరిక. ఫ్లాటు కూడా చూసుకున్నాం, 42 లక్షలు చెప్పారు.

2021 ఆగస్టులో ఇల్లు అమ్మకానికి పెట్టాను. ధర ఎలా కట్టానో వినండి. వీధి చివర ఇల్లు గజం 45 వేలకు పోయిందని టీకొట్టు దగ్గర విన్నాను. 200 గజాలకు 90 లక్షలు. టేకు తలుపులు, బంగినపల్లి మామిడిచెట్టు ఉన్నాయి కదా అని ఇంకో 5 లక్షలు వేశాను. మొత్తం 95. ఆఫీసులో ఎవరైనా ఆధారం లేకుండా అంచనా పెడితే ఫైలు వెనక్కి పంపిన మనిషిని నేను! నా ఇంటికి వచ్చేసరికి టీకొట్టు మాటే ఆధారమైపోయింది.

నెల తిరక్కుండానే ఒక మాస్టారు, ఆయన భార్య వచ్చారు. ఇద్దరూ ఉపాధ్యాయులే. ఇల్లంతా చూసి, కొలుచుకుని, "బాబాయిగారూ, బ్యాంకు ఇంజనీరుని అడిగి వచ్చాం. 66 దాకా ఇవ్వగలం" అన్నారు. నాకు కోపం వచ్చింది. "ఆ అంకె మళ్లీ మా గుమ్మంలో చెప్పకండి" అన్నాను. వాళ్లు మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయారు. మా ఆవిడ లోపల్నించి వచ్చి, "ఏమండీ, కాస్త ఆలోచిస్తే బాగుండేది" అంది. నేను వినలేదు. ఆ దంపతులు రెండు వీధుల అవతల ఇల్లు కొనుక్కున్నారని తరవాత తెలిసింది.

ఆ తరవాత ఏడాది పాటు చూసేవాళ్లు వచ్చారు గాని బేరం ఆడినవాడు లేడు. చివరికి ఒక మధ్యవర్తి చనువు కొద్దీ అసలు సంగతి చెప్పాడు. "మీ ఇల్లు మాకు బాగా ఉపయోగం అండి. ముందు మీది చూపించి 95 అంటాం. తరవాత పక్క వీధిలోది చూపించి 70 అంటాం. అది టక్కున అమ్ముడుపోద్ది" అన్నాడు. నా ఇల్లు పక్కవాళ్ల ఇళ్లు అమ్మిపెట్టడానికి పనికొస్తోందన్నమాట! పైగా ఏడాదిగా అమ్ముడుపోని ఇంటికి ఏదో లోపం ఉందంటారు. వీధిపోటని ఒకరు, వాటా తగాదా అని ఒకరు. రెండూ లేవు. ఉన్నదల్లా 95 ఒక్కటే.

2022 అక్టోబరు వానల్లో వసారాలోకి నీళ్లొచ్చాయి. మా ఆవిడ జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేయించాం. ఆస్పత్రి బల్ల మీద కూర్చున్నప్పుడు ఆ మాస్టారి 66 లక్షలు ఎన్నిసార్లు గుర్తుకొచ్చాయో.

ఇంటికొచ్చాక అప్పుడు చేశాను మొదట చేయవలసిన పని. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో వీధి చివరింటికి ఇ.సి. తీయించి, దాని దస్తావేజు నకలు అడిగాను. ఒకటో పుస్తకంలో ఎక్కిన దస్తావేజుల నకలు రుసుము కట్టి ఎవరైనా తీసుకోవచ్చు, రిజిస్ట్రేషను చట్టమే ఆ హక్కు ఇచ్చింది. చూస్తే అది మూల స్థలం, పెద్ద రోడ్డు మీదిది, ముందు కొట్టుగది ఉంది. దానికీ మా ఇంటికీ పోలికే లేదు. మా వీధిలోనే ఈమధ్య అమ్ముడైనవి మరో మూడు నకళ్లు తీయించాను. దస్తావేజులో రాసిన సొమ్మూ, చేతులు మారిన సొమ్మూ ఎప్పుడూ ఒకటే అని నేననను. అందుకని కొన్నవాళ్లనే ఇద్దర్ని కలిసి అడిగాను. గజం 30 వేల దగ్గర తేలింది.

ఆపైన రుసుమిచ్చి రిజిస్టర్డు వాల్యుయరు చేత లెక్క వేయించాను. స్థలం 60 లక్షలు. ఆ డాబా ఇప్పుడు కొత్తగా కట్టాలంటే అడుగుకు 1,800 చొప్పున 19 లక్షల 80 వేలు. కట్టడం ఆయుష్షు 60 ఏళ్లనుకుంటే అప్పటికి 35 గడిచాయి, మిగిలింది 25. ఆ లెక్కన 8 లక్షల పాతికవేలు. మొత్తం 68 లక్షల పాతికవేలు. రోడ్డుకంటే పల్లంలో ఉన్నందుకు రెండున్నర తీసేశాడాయన. మామిడిచెట్టుకు కాలమ్ లేదన్నాడు. 65 లక్షల 75 వేలు. ఆ మాస్టారు అన్నది 66!

బ్యాంకు అప్పుతో కొనేవారి సంగతి కూడా తెలుసుకోవాలి. అప్పు 30 లక్షలు దాటి 75 లక్షల లోపైతే, బ్యాంకు తన ఇంజనీరు కట్టిన విలువలో 80 శాతానికి మించి ఇవ్వదు. స్టాంపు ఖర్చులు ఆ విలువలో కలపదు. మనం ఎక్కువ చెప్పిన ప్రతి లక్షా కొనేవాడు తన చేతి సొమ్ములోంచే తేవాలి. అందుకే మంచి బేరగాళ్లు నోరెత్తకుండా వెళ్లిపోతారు.

69 అని చెప్పాను, బేరానికి కాస్త జాగా ఉంచి. నెలన్నరలో ముగ్గురు వచ్చారు. 2023 ఫిబ్రవరిలో 65 లక్షల 50 వేలకు రిజిస్ట్రేషను అయింది. ఈలోగా రాజమండ్రి ఫ్లాటు 42 నుంచి 48కి పోయింది. ఆ లెక్క మీరే వేసుకోండి.

పన్ను విషయం క్లుప్తంగా. ధర 50 లక్షలు, ఆపైన అయితే కొనేవారు ఒక శాతం పన్ను కోసి కట్టాలి. అది మీ పాన్ మీద జమ అయిందో లేదో చూసుకోండి. 2001కి ముందు సంపాదించిన ఇంటికి 1-4-2001 నాటి విలువ తీసుకోవచ్చు, అయితే అది ఆనాటి రిజిస్ట్రేషను విలువను మించకూడదు. 23-7-2024 నుంచి లాభం మీద పన్ను పన్నెండున్నర శాతం. ఆ తేదీకి ముందే కొన్న ఇంటికి, ధరల సూచీతో పెంచిన అసలు మీద 20 శాతం లెక్క తక్కువైతే అదే పద్ధతిన కట్టవచ్చు. అమ్మిన రెండేళ్లలో మరో ఇల్లు కొంటే లాభంలో అంతమేరకు మినహాయింపు ఉంది. నాకు అదే వర్తించింది. "కాగితం మీద తక్కువ రాద్దాం, మిగతాది నగదుగా ఇస్తాం" అనేవారు వస్తారు. ఒప్పుకోకండి. ఇల్లు అమ్మినవాడు 20 వేలు గాని, ఆపైన గాని నగదు పుచ్చుకుంటే, పుచ్చుకున్నంత సొమ్మూ జరిమానాగా పడవచ్చు. ఈ వయస్సులో మనకు ఆ నోటీసులెందుకు?

మీలో ఎవరైనా అమ్మదలిస్తే, నా వాల్యుయేషను కాగితం జిరాక్సులు కార్యదర్శిగారి దగ్గర ఉంచాను, చూసుకోండి. ఈ సభకు రమ్మని మా ఆవిణ్ణి కూడా పిలిచాను. హాలుకి మెట్లెన్ని అని అడిగింది. పదకొండు అన్నాను. "మీరు వెళ్లి రండి" అంది. వాకరుతో మెట్లు ఎక్కలేదు. త్వరగా వెళ్లాలి, సెలవు.