సిరోంచలో ఒక పూట భోజనం
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుణ్ణి కాను. మెట్రిక్యులేషనుతో చదువు ఆపి రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. కాబట్టి పెద్ద విషయాల జోలికి పోక, తిండి సంగతి మనవి చేస్తాను.

మొన్న సంక్రాంతి సెలవులకు మేము కుటుంబంతో కాళేశ్వరం వెళ్ళి, గోదావరి వంతెన దాటి సిరోంచ చేరాము. అక్కడ ఒక చిన్న పూటకూటి ఇంట్లో భోజనం చేశాము. మరాఠీలో ఖానావళ్ అంటారు. ఉన్నవి నాలుగు బల్లలు. వండేది ఇల్లాలు, వడ్డించేది ఆమె భర్త. ఒకే పళ్ళెంలో జొన్న భాకరీ, శనగపిండితో చేసిన పిఠలే, పచ్చిమిరప ఠేచా, వాటి పక్కనే అన్నం, పుంటికూర పప్పు, పచ్చిపులుసు వచ్చాయి. "ఇది మరాఠీ భోజనమా, తెలుగు భోజనమా?" అని మా ఆవిడ అడిగితే, ఆ ఇల్లాలు నవ్వి, "ఇది సిరోంచ బువ్వ అక్కా" అన్నది.

ఆ మాట ఆలోచింపదగినది. మన గోంగూరే కాళేశ్వరం వైపు పుంటికూర, మరాఠీవారికి అంబాడీ. మన బొబ్బట్టు తెలంగాణలో పోలె, మరాఠీలో పురణ్ పోళీ. ఈ రోజున మనం ఉగాది పచ్చడిలో వేపపువ్వు తింటుంటే, పొరుగింటివారు గుఢీ నిలిపి వేపాకూ బెల్లమూ తింటున్నారు. జర్మనులు, పోలండువారు ఎన్ని యుద్ధాలు చేసుకున్నా పులియబెట్టిన క్యాబేజీ ఇరువురికీ ప్రీతే. వారు సావర్‌క్రౌట్ అంటారు, వీరు కపుస్తా కిషోనా అంటారు. సరిహద్దు గీతను వంటిల్లు లెక్కచేయదు.

సిరోంచ చరిత్రే చూడండి. 1860లో నిజాము చేతినుండి ఆంగ్లేయుల చేతికి వచ్చి, ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమైంది. 1874లో చాందా జిల్లాలో కలిసింది. 1956లో బొంబాయి రాష్ట్రం, 1960లో మహారాష్ట్ర, 1982లో గడ్చిరోలి జిల్లా. మనం పొట్టకూటికై రైలెక్కి వచ్చినవాళ్ళం. వారు ఉన్నచోటనే ఉండగా జిల్లాలూ రాష్ట్రాలూ మారాయి. మనలో కొందరు వారిది "మరాఠీ కలిసిన తెలుగు" అని తేలికచేస్తారు. అది తగదు. బడి, కచేరీ మరాఠీలో సాగుతున్నా ఇంట తెలుగు నిలుపుకున్నవారు వారు.

అయితే నా మనసున నాటిన సంగతి మరొకటి ఉన్నది. ఆ ఇంటి పిల్లవాడికి పదేళ్ళుంటాయి. మంచినీళ్ళు పోస్తూ మా పిల్లలతో తెలుగులో గలగలా మాట్లాడాడు. గోడమీద ధరల పలక సగం మరాఠీలో, సగం తెలుగులో ఉన్నది. తెలుగు చదవమంటే, "రాదు మామా" అన్నాడు. మా అబ్బాయిని చదవమన్నాను. వాడూ మరాఠీ వైపే చదివాడు!

ఇందులో పిల్లల దోషం లేదు. బడిలో మరాఠీ, ఇంగ్లీషు నేర్పుతారు. నేర్వనివ్వండి, రేపు వారికి అన్నంపెట్టేవి అవే. కాని గోంగూర రుచి ఇంట్లో తింటే వస్తుంది. అక్షరం అలా రాదు. ఎవరో ఒకరు పక్కన కూర్చోబెట్టుకొని దిద్దించాలి. దిద్దించకుంటే, ఈ సంచికను మన పిల్లలకు మనమే చదివి వినిపించవలసి వస్తుంది. మనం పోయాక ఆపాటి వినిపించేవారైనా ఉండరు.

అందుచేత నా మనవి ఒక్కటే. ఆదివారాలు అరగంట కేటాయించండి. ఈ రోజు మొదటి పాఠంగా, మీ ఇంట వండిన పిండివంటల పేర్లు పిల్లలచేత తెలుగులో వ్రాయించండి. వంకరగా వచ్చినా ఫరవాలేదు. ఆ కాగితాన్ని వంటింటి గోడకు అంటించండి.