నాగలి పట్టిన చేయి, రాజ్‌భవన్ గడప
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



రిటైర్మెంట్ తర్వాత జీవితం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నా గొప్పలు చెప్పుకునే కన్నా, రైతుగా మొదలై గవర్నరైన బలరామ్ జాఖడ్ గారి గురించి చెప్పడం మేలనుకున్నాను. మా యూనిట్ పంజాబ్‌లో అబోహర్ వైపు ఉన్నప్పుడు ఆ ఇసుక నేలల్లో కిన్నో తోటలు చూసి నోరెళ్ళబెట్టాను. ఆయన పేరు మొదట విన్నది అక్కడే.

జాఖడ్ గారు 1923 ఆగస్టు 23న పంజ్‌కోసీ గ్రామంలో పుట్టారు. ఇప్పుడది ఫాజిల్కా జిల్లాలో ఉంది. లాహోర్‌లో సంస్కృతంతో డిగ్రీ చదివారు. పట్నంలో ఉద్యోగం చూసుకోకుండా సొంతూరి సేద్యంలోకే వెళ్ళారు. తోటల పెంపకంలో చేసిన కృషికి 1975లో 'ఉద్యాన పండిత్' గౌరవం పొందారు.

1972లో పంజాబ్ శాసనసభకు ఎన్నికయ్యేనాటికి ఆయనకు యాభై ఏళ్ళు దగ్గర పడ్డాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మనలో చాలామంది నలభై దాటకుండానే పెన్షన్ కాగితం పట్టుకుని, "ఇంక మన పనైపోయింది" అంటాం!

1980లో తొలిసారి లోక్‌సభకు వెళ్ళి, వెళ్ళగానే స్పీకరయ్యారు. మన నీలం సంజీవరెడ్డి గారు కూర్చున్న కుర్చీ అది. 1989 దాకా వరుసగా రెండు పూర్తి కాలాలు సభను నడిపారు. రెండో విడతలో ప్రతిపక్షంలో అతి పెద్ద పార్టీ, 30 మంది సభ్యులున్న మన తెలుగుదేశం. ఆయన హయాంలోనే 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. 1989 మార్చిలో ఒక్కరోజే 63 మంది ప్రతిపక్ష సభ్యులు సస్పెండైందీ ఆ హయాంలోనే. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టిన వారున్నారు. పెద్ద కుర్చీలో కూర్చున్నవారికి మాట పడటం తప్పదు.

అదే ఏడాది ఎన్నికల్లో సీకర్‌లో దేవీలాల్ గారి చేతిలో ఓడిపోయారు. 1991లో అక్కడే గెలిచారు. పి.వి. నరసింహారావు గారి మంత్రివర్గంలో వ్యవసాయ శాఖ చూశారు. 1996లో హవాలా కేసులో పేరు రావడంతో రాజీనామా చేశారు. ఆ కేసు కోర్టులో నిలవలేదు. 2004 నుంచి 2009 దాకా మధ్యప్రదేశ్ గవర్నర్‌గా పనిచేశారు. 2016 ఫిబ్రవరి 3న కన్నుమూశారు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే... నేను రిటైరై ఊరికొచ్చినప్పుడు నాన్నగారి నాలుగెకరాలు అమ్మేద్దామనుకున్నాను. బయానా తీసుకోవడమే తరువాయి. ఆ రాత్రి అబోహర్ ఇసుక కళ్ళముందు మెదిలింది. అంతకన్నా మన నేలకేం తక్కువ? అమ్మకం మానేసి బత్తాయి మొక్కలు పెట్టాను. మొదటి బోరు ఎండిపోయింది. సగం మొక్కలు చచ్చిపోయాయి. "పట్టాళం బుద్ధి, మోకాలి బుద్ధి" అని ఊళ్ళో నవ్వారు. ఆరో ఏట కాపు చేతికొచ్చింది. మా ఆవిడ మొదటి బుట్ట దేవుడి ముందు పెట్టి కళ్ళు తుడుచుకుంది.

అందరూ గవర్నర్లు కారు, కానక్కర్లేదు కూడా. కానీ తమ్ముళ్ళూ, మీకు తాతలిచ్చిన కుంట భూమి ఉన్నా సరే, తొందరపడి అమ్మకండి. ముందు మట్టి పరీక్ష చేయించండి, నీళ్ళెంతున్నాయో చూసుకోండి, ఆ తర్వాతే డబ్బు పెట్టండి. మనం కాపలా కాసింది సరిహద్దు మట్టినే కదా! మన ఇంటి మట్టిని మాత్రం ఎందుకు వదులుకోవాలి?

1965లో లాల్ బహదూర్ శాస్త్రి గారు జవానునూ కిసానునూ ఒకే నినాదంలో నిలబెట్టారు. ఆ రెండూ ఒక్క జన్మలోనే కాగల అదృష్టం మనది.

జై జవాన్! జై కిసాన్! జై హింద్!