తన రక్తమే తనకు మందగునా?

డెంగ్యూ జ్వరము సోకిన ఇంట ప్లేట్‌లెట్ల లెక్క తెలియనివారుండరు. నిన్న లక్ష, నేడు 60 వేలు అని ఇంటిల్లిపాదియు దిగులుతో లెక్కించుచుందురు. మన పాఠ్యపుస్తకములు వీనినే రక్తఫలకికలనుచున్నవి. జ్వరములో తగ్గిపోవునేమోయని మనము భయపడు ఈ ఫలకికలనే మోకాటి నొప్పికిని, మోచేతి నొప్పికిని, మడమ నొప్పికిని మందుగా సూదితో ఎక్కించు పద్ధతి యొకటి ఈ మధ్య విస్తారముగా వ్యాపించినది. రోగి రక్తమునే కొంత తీసి, అందులో ఫలకికలు దట్టముగా నున్న భాగమును వేరుచేసి, నొప్పి యున్న చోటనే ఎక్కింతురు. ఆంగ్ల నామములోని మొదటి అక్షరములనుబట్టి దీనిని పి.ఆర్.పి. అందురు. శ్రోతలలో కొందరికి ఈ సూది వేయించుకొమ్మని సలహా వచ్చియుండవచ్చును. కొందరు ఇదివరకే వేయించుకొనియుందురు. వేల రూపాయల ఖర్చుతో కూడిన పని గనుక, దీని నిజానిజములను కొంత విపులముగా మనవి చేయదలచితిమి.

ఆరోగ్యవంతుని రక్తమున ఒక ఘన మిల్లీమీటరునకు లక్షన్నర మొదలు నాలుగున్నర లక్షల వరకు ఫలకికలుండును. ఇవి కేంద్రకము లేని చిన్న తునకలు. వీని ఆయుర్దాయము 8 నుండి 10 దినములు మాత్రమే. రక్తము గడ్డకట్టుటలో వీని పాత్రను 1882లో ఇటలీ శాస్త్రజ్ఞుడు జూలియో బిజ్జొజెరో లోకమునకు తెలియజేసెను. కూర తరుగునపుడు వ్రేలు తెగినచో, మొట్టమొదట ఆ గాటువద్దకు చేరి గుమిగూడునవి ఈ ఫలకికలే. గాటును పూడ్చుటతో వీని పని ముగియదు. తమలో దాచుకొనియున్న కొన్ని మాంసకృత్తులను అక్కడ విడుదల చేయును. ఈ పదార్థములు చుట్టుపట్లనున్న కణములను పెరుగుమని ప్రేరేపించును గనుక వీనికి వృద్ధికారకములని పేరు. ఫలకికలనుండి అట్టి ప్రేరణ కలుగుచున్నదని 1974లో ప్రయోగపూర్వకముగా తేలినది.

ఇక నొప్పి పుట్టు స్థానములను చూతము. కండరమును ఎముకకు కట్టియుంచు గట్టి త్రాడువంటి భాగమును స్నాయుబంధన మందురు. మనవారు దీనిని నరమనియే వ్యవహరింతురు, "నరము పట్టినది" అందురు; కాని నరము వేరు, ఇది వేరు. దీనికి రక్తప్రసారము చాల స్వల్పము. కీలులో ఎముకల కొనలను కప్పియుండు మృదులాస్థికి రక్తనాళములే లేవు. అందువలన ఇవి దెబ్బతిన్నను, అరిగినను, త్వరగా బాగుపడవు. కాలువ చివరి చేనికి నీరందనపుడు రైతు బిందెలతో మోసి పోసినట్లు, రక్తమందని చోటికి రక్తములోని మరమ్మతు సామగ్రిని మనమే చేర్చరాదా? పి.ఆర్.పి. వెనుకనున్న ఆలోచన ఇంతియే. వినుటకు ఎంతయు సమంజసముగా నున్నది. దాని ఆకర్షణయు అందే కలదు.

తయారుచేయు విధానము సులభము. చేతినుండి తీసిన రక్తము గడ్డకట్టకుండుటకై ఒక ద్రవము కలిపి, గొట్టములో పోసి, యంత్రములో గిరగిర త్రిప్పుదురు. మజ్జిగ చిలికినపుడు వెన్న విడివడినట్లు ఇందును పొరలు విడివడును. బరువైన ఎఱ్ఱకణములు అడుగున చేరును. పసుపుఛాయ గల ప్లాస్మా పైకి తేలును. రెంటి నడుమ తెల్లకణములతో కూడిన పలుచని పొర యుండును. ఫలకికలు దట్టముగా నున్న భాగమును సిరంజిలోనికి తీసికొందురు. అంతయు కలిసి ఒక గంటలోపు పని.

ఫలకికలు తగ్గినవారికి ఎక్కించుటకై రక్తనిధులవారు ఇట్టి ప్లాస్మాను పూర్వమునుండియు వాడుచుండిరి. మరమ్మతు మందుగా దీనికి పేరు వచ్చినది మాత్రము 1998లో. అమెరికాలో రాబర్ట్ మార్క్స్ అను దంతశస్త్రవైద్యుడును, ఆయన సహచరులును, దవడ యెముక లోపించినవారికి ఎముక అతుకునపుడు దీనిని చేర్చి చూచిరి. 2006లో మిశ్రా, పావెల్కో అనువారు మోచేతి నొప్పి దీర్ఘకాలముగా నున్న రోగులకు ప్రయోగించి మేలు కలిగినదని ప్రకటించిరి. పరీక్షింపబడినవారు 20 మంది మాత్రమే. 2009 ఫిబ్రవరిలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు హైన్స్ వార్డ్, మోకాలు బెణికిన కొలది దినములకే ఈ సూది వేయించుకొని సూపర్ బౌల్ పోటీలో ఆడెను. అతని జట్టు గెలిచెను. ఆ ఒక్క ఆట చేసిన ప్రచారము నూరు వైద్యపత్రికలు కూడ చేయజాలవు. దీని శక్తిని గూర్చి ఎంత ఊహ ప్రబలినదనగా, 2010లో ప్రపంచ మాదకద్రవ్య నిరోధక సంస్థ కండరములలోనికి దీనిని ఎక్కించుకొనుటను క్రీడాకారులకు నిషేధించెను. ఆటలో బలము పెంచునని రుజువు లేకపోవుటచే 2011లో ఆ నిషేధమును తొలగించెను.

"మా అత్తగారు వేయించుకొన్నారు, బాగా తగ్గినది" అను మాట మనము తరచుగా వినుచుందుము. ఆమె చెప్పినది అబద్ధము కాదు. కాని తగ్గినది సూదివలననేనా? మోకాటి నొప్పి నెలకొక తీరున ఉండు వ్యాధి. మితిమీరినపుడే వైద్యుని యొద్దకు పోదుము. మితిమీరినది కొలదివారములలో తనంత తానే కొంత దిగుట సహజము. పైగా సూది వేసినపిదప విశ్రాంతి నిత్తురు. ఇంటివారు బరువు పనులు చేయనీయరు. పెద్ద యంత్రమును చూచిన మనస్సునకు ధైర్యము కలుగును. వీనినుండి మందు గుణమును విడదీయుటకు మార్గమొక్కటే. రోగులను చీటీలు తీసినట్లు రెండుగా విభజించి, ఒకరికి మందును, వేరొకరికి ఉత్త ఉప్పునీటిని, అనగా సెలైనును ఎక్కించి, ఎవరికేది పడినదో రోగికి తెలియకుండ నొప్పిని కొలువవలెను.

అట్టి పరీక్షలు జరిగినవి. 2010లో నెదర్లాండ్స్ దేశమున మడమ వెనుకనున్న స్నాయుబంధనపు నొప్పి గల 54 మందిని పరీక్షించిరి. సిరంజికి ముసుగు వేసి సగము మందికి పి.ఆర్.పి., సగము మందికి సెలైను ఇచ్చి, అందరిచేతను వ్యాయామము చేయించిరి. 24 వారములకు, 100 అంకెల కొలబద్దమీద పి.ఆర్.పి. వారు 21.7 అంకెలు, సెలైను వారు 20.5 అంకెలు మెరుగుపడిరి. ఆ తేడా లెక్కలోనికి రాదు. 2021లో బ్రిటనులో 240 మందితో జరిగిన పరీక్షయు ఈ మడమ నొప్పికి ఉత్తుత్తి సూదికన్న పి.ఆర్.పి. మిన్న కాదని తేల్చెను. అదే సంవత్సరము ఆస్ట్రేలియాలో మోకాటి కీలు అరిగిన 288 మందికి వారమునకొకటి చొప్పున మూడు సూదులు వేసిరి. ఏడాది గడచినపిదప 10 అంకెల కొలబద్దమీద నొప్పి పి.ఆర్.పి. వారికి 2.1, సెలైను వారికి 1.8 తగ్గెను. మృదులాస్థి అరుగుదల ఇరువురికిని ఇంచుమించు ఒక్కటే. ఉప్పునీటికే రెండంకెల దాపున నొప్పి తగ్గుట శ్రోతలు గమనింపదగిన విషయము.

మరి మేలు చేయునని చెప్పు పరీక్షలు లేవా? కలవు. 2010లోనే నెదర్లాండ్స్‌లో టెన్నిస్ ఎల్బో అనబడు మోచేతి నొప్పి గల 100 మందిపై వేరొక పరీక్ష జరిగెను. (టెన్నిస్ రాకెట్టు పట్టనివారికిని, బట్టలు పిండువారికిని, తాపీ పట్టువారికిని ఈ నొప్పి వచ్చును.) ఏడాది నాటికి పి.ఆర్.పి. వారిలో నూటికి 73 మందికి నొప్పి చెప్పుకోదగినంత తగ్గగా, రెండవ వర్గమువారిలో 49 మందికే తగ్గెను. కాని ఆ రెండవ వర్గమునకు ఇచ్చినది ఉప్పునీరు కాదు, స్టెరాయిడు. స్టెరాయిడు సూది మొదటి వారములలో ఉపశమన మిచ్చి, తరువాత ఈ నొప్పిని ఏ సూదియు లేనివారికన్న ఆలస్యముగా మానునట్లు చేయునని ఆ సంవత్సరమే లాన్సెట్ పత్రికలోని సమీక్ష చూపెను. వెనుకబడిన గుఱ్ఱముతో పందెము వేసి గెలిచినట్లయినది. 2021లో కొక్రేన్ సమీక్షకులు 2,337 మంది పాల్గొన్న 32 పరీక్షలను జల్లెడ పట్టి, మోచేతి నొప్పికి ఈ రక్తపు సూదులు బహుశః చెప్పుకోదగిన మేలు చేయవని తేల్చిరి.

ఆస్ట్రేలియా పరీక్షలో వాడిన ద్రవమున ఫలకికల సాంద్రత చాలలేదని కొందరు వైద్యులు ఆక్షేపించిరి. ఆక్షేపణ తోసివేయదగినది కాదు. కాని దానినుండియే వేరొక ప్రశ్న పుట్టుచున్నది. ఎంత సాంద్రత చాలును? తెల్లకణములు ఉండవలెనా, తీసివేయవలెనా? ఎన్ని సూదులు? వీనికి అందరును ఒప్పుకొన్న జవాబు లేదు. మాత్ర కొన్నపుడు అందెన్ని మిల్లీగ్రాములున్నవో అట్టమీద చదువగలము. పి.ఆర్.పి. ఒక యంత్రమునుండి ఒక తీరు, ఒక రోగినుండి ఒక తీరు వచ్చుచుండును. ఈ కారణమును చూపియే 2019లో అమెరికా కీళ్ళవైద్యుల సంఘము, అరిగిన మోకాళ్ళకు దీనిని వాడవద్దని గట్టిగా సలహా ఇచ్చెను.

వాడదలచినవారు ముందుగా కొన్ని సంగతులు విచారించుట మంచిది. తయారైన ద్రవమున ఫలకికలను లెక్కింతురా? ఎన్ని సూదులు, మొత్తము ఖర్చెంత? గుణము కనిపింపనిచో తరువాత ఏమి చేయుదురు? ఆస్పిరిన్ వంటి మందులు ఫలకికల పనిని అడ్డును గనుక, వాడుచున్న మందులన్నిటిని వైద్యునికి చెప్పవలెను. గుండెకొఱకు ఇచ్చిన ఆస్పిరినును మాత్రము ఎవరును తమంత తాము మానరాదు.

ఆ 2019 నాటి సలహాలలోనే వ్యాయామమును, బరువెక్కువైనవారు బరువు తగ్గుటను, మోకాటి నొప్పి నడకకు అడ్డుపడువారు చేతికర్ర వాడుటను గట్టిగా సమర్థించిరి. చేతికర్ర పట్టుటకు మనవారికి నామోషీ. పట్టినవారును నొప్పియున్న వైపుననే పట్టుదురు. ఎడమ మోకాలు నొప్పియైనచో కర్ర కుడిచేత నుండవలెను. మడమ వెనుక నొప్పికి 1998లో స్వీడనులో ఆల్‌ఫ్రెడ్‌సన్ చెప్పిన వ్యాయామము నేటికిని వాడుకలో నున్నది. మెట్టు అంచున మునివ్రేళ్ళపై నిలిచి, నొప్పియున్న కాలి మడమను మెల్లగా క్రిందికి దించుట. పైకి లేచుటకు రెండవ కాలిని వాడుట. మోకాలు చాచి 15 పర్యాయములు మూడు విడతలు, మోకాలు కొంచెము వంచి మరి మూడు విడతలు; ఉదయము ఒకసారి, సాయంకాలము ఒకసారి, 12 వారములు. మొదటి దినములలో నొప్పి కొంత హెచ్చును. వైద్యునికి చూపించుకొని ఆరంభించుట మేలు.

సూది వేయించుకొన్నవారికి రెండు మూడు దినములు నొప్పి, వాపు ఉండుట సాధారణము. రక్తము తనదే గనుక శరీరమునకు సరిపడకపోవునను భయము తక్కువ. కాని సూది దిగునది కీలులోనికి, కావున శుభ్రత ముఖ్యము. కీలు ఎఱ్ఱబడి, వేడెక్కి, జ్వరము కూడ వచ్చినయెడల తెల్లవారువరకు ఆగక ఆ పూటనే ఆసుపత్రికి పోవలెను.