కొట్లాట కేసులు, వాటి శిక్షలు



మేము ఉర్దూ బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళమే గాని వకీళ్ళం కాము. అయినా సంఘంవారు ఈ విషయమే మాట్లాడమన్నారు. కారణం మీకు తెలియంది కాదు. మిరప కల్లాల్లో కూలిడబ్బుల దగ్గర, పత్తిచేల గట్ల దగ్గర, కాలవ నీళ్ళ వంతు దగ్గర మాటామాటా పెరుగుతుంది. ఆ పూటకి అది తగాదా. తెల్లారేసరికి పోలీసు స్టేషన్లో దానికో సెక్షను నంబరు పడుతుంది.

పాత పీనల్ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. మనవాళ్ళ నోట నానిన 323, 324, 307 నంబర్లు ఇప్పుడు 115, 118, 109 అయినాయి. ఆ తేదీకి ముందు జరిగిన వాటికి మాత్రం పాత నంబర్లే.

కొట్టనక్కర్లేదు, కొట్టబోతున్నట్టు మీదికొచ్చి చెయ్యెత్తినా దౌర్జన్యమే. 3 నెలల వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. చేత్తో కొట్టి నొప్పి కలిగిస్తే ఏడాది వరకు జైలు, లేదా 10,000 వరకు జరిమానా, లేదా రెండూ. అదే దెబ్బ కత్తితోనో కొడవలితోనో పడితే జైలు 3 ఏళ్ళ దాకా పోతుంది, పైగా బెయిలు హక్కుగా రాదు. చూశారా, మనిషి అతనే, కోపమూ అదే, చేతిలో ఉన్నది మారిందంతే!

ఇక తీవ్ర గాయం. కన్నుపోవడం, చెవిపోవడం అందరూ ఊహిస్తారు. కాని ఎముక విరిగినా, పన్ను విరిగినా, దెబ్బతిన్నవాడు 15 రోజులు తన పనిలోకి పోలేకపోయినా అదీ తీవ్ర గాయమే. పాత చట్టంలో ఇది 20 రోజులుండేది. దీనికి 7 ఏళ్ళ వరకు జైలు, జరిమానా. ఆయుధంతో చేస్తే ఏడాదికి తగ్గకుండా 10 ఏళ్ళ వరకు, లేదా యావజ్జీవం. గాయం ఏ రకమో తేల్చేది సర్కారు డాక్టరు రాసే సర్టిఫికెట్టు గనుక దెబ్బతిన్నవాళ్ళు అదేరోజు ఆసుపత్రికి పోవాలి. పసుపు రాసి ఇంట్లో పడుకోబెడితే కేసు అక్కడే నీరుగారుతుంది.

మన పెద్దల ఫైసలాతో కేసు పోతుందా అని చాలామంది అడుగుతారు. చేతిదెబ్బల కేసులో దెబ్బతిన్నవాడు రాజీపడవచ్చు. తీవ్ర గాయమైతే కోర్టు అనుమతి కావాలి. ఆయుధం కేసుకు చట్టంలో రాజీయే లేదు, హైకోర్టు దాకా పోయి కొట్టివేయించుకోవాల్సిందే. అది తెలియక ఇరువైపులా కాగితం రాసుకుని, బిర్యానీ తిని, అయిపోయిందనుకుంటారు. తర్వాత కుర్రవాడు గల్ఫ్ పోదామని పాస్‌పోర్టుకు పెడితే, కోర్టులో కేసు పెండింగులో ఉందన్న కారణం మీద నిరాకరించవచ్చు. పాస్‌పోర్టు చట్టంలో ఆ నిబంధన ఉంది.

"మేం గుంపులో ఉన్నాం గాని కొట్టలేదు" అనే మాట కూడా ఎల్లవేళలా నిలవదు. అయిదుగురు, అంతకు మించి ఒక చెడ్డ ఉద్దేశంతో కూడితే, దానికోసం ఒకడు చేసిన నేరం అందరికీ చుట్టుకుంటుంది. దారినపోతూ నిలబడి చూసినవాడి సంగతి వేరు. మన ప్రకాశం జిల్లాలోనే ఉండిన కారంచేడు (ఇప్పుడది బాపట్ల జిల్లా) చూడండి. చెరువులో మంచినీళ్ళు పాడుచేస్తున్నారని అడిగినందుకు తగాదా రేగింది. మర్నాడు, 1985 జూలై 17న, మాదిగపల్లె మీద గుంపు పడి ఆరుగురి ప్రాణాలు తీసింది. దాని వెనక ఎన్ని తరాల కులపెత్తనం ఉందో ఇక్కడున్నవారికి మేము చెప్పనక్కర్లేదు. సుప్రీంకోర్టు తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. ఒకరికి యావజ్జీవం, మరికొందరికి మూడేళ్ళ జైలు. చనిపోయినవారి ఇళ్ళల్లో ఆడవాళ్ళు 23 ఏళ్ళు ఎదురుచూశారు.

కేసు ఎటువైపున్నా కొన్ని హక్కులున్నాయి. ఫిర్యాదు ఇచ్చినవారికి ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితం. పట్టుకున్నవాణ్ణి ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు పెట్టాలి. 18 ఏళ్ళు నిండని పిల్లవాడైతే జువెనైల్ బోర్డుకు పంపాలి, కాబట్టి పుట్టినతేదీ సర్టిఫికెట్టు ఇంట్లో ఎక్కడుందో చూసుకోండి. ఆడవారికీ, కస్టడీలో ఉన్నవారికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా సర్కారే ఉచితంగా వకీలును ఇస్తుంది. గుంటూరులోనూ, ఒంగోలులోనూ జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి. రాయడం రాకపోతే నోటితో చెప్పినా రాసుకుంటారు.