మగ్గపు గుంటలో నీరు

(సికింద్రాబాదు సంఘ కూడికలో చేసిన ప్రసంగము)



తుపాను వచ్చినదనగానే మనము బియ్యము, దుప్పట్లు పోగుచేయుదుము. అది మంచి పనియే. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు గార్లు తోటి నటులతో కలిసి జోలెపట్టి విరాళములు సేకరించిరి. ఆనాడు కళాకారులు ప్రజలను ఆదుకొనిరి. తుపాను కళాకారుని యింటిమీదనే పడినయెడల అతనికి దిక్కెవరు?

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరము దాటెను. కొద్దిదినములకు మేము చీరాల ప్రాంతమునకు సహాయము తీసికొని వెళ్లితిమి. ఒక నేతపని పెద్దాయన బియ్యపు సంచి అందుకొని నన్ను లోపలికి పిలిచెను. గుంటమగ్గము నేసేవారు నేలలో తవ్విన గుంటలో కాళ్లుంచి పని చేయుదురు. ఇంటిలోనికి నీరు వచ్చిన మొదట నిండేది ఆ గుంటయే. పడుగు తడిసి పాడైనది.

"అయ్యగారూ, ఈ బియ్యం పది రోజులొస్తాయి. గుంట ఆరి, నూలు దొరికితే నా బియ్యం నేనే తెచ్చుకుంటాను" అనెను. నాయొద్ద జవాబు లేదు.

తిరుగటిని తాకట్టు పట్టవద్దని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. ఏలయనగా అది మనిషి జీవనాధారము. నేతగానికి మగ్గము, భజన చేయువానికి హార్మోనియము, తోలుబొమ్మలాటవానికి బొమ్మలు అట్టివే. తోలుబొమ్మ నీట నానితే వంకరపోవును; ఆ కుటుంబపు కథ అంతటితో ఆగును.

కాబట్టి ఈ శతవత్సరపు కృతజ్ఞతార్పణలో పదియవ వంతును పనిముట్ల కొరకు ప్రత్యేకించుదము. ఆకలి తీర్చుట మొదటి వారపు పని. "నీ పనిముట్టు ఏమి పోయినది?" అని అడుగుట రెండవ వారపు పని. ఆ రెండవ వారమున కూడ మనము వెళ్లుదుము గాక.